కొరియర్, ట్రెయిల్‌బ్లేజర్ మోడెములు కలవట్లేదు, 2400 దాటట్లేదు. ఎవరైనా చెప్పండి

చికాగోచలి:
నిన్న సాయంత్రం కూర్చున్నా, ఇప్పుడు తెల్లారుతోంది. నా దగ్గర యూఎస్ రోబోటిక్స్ కొరియర్ ఒకటి, టెలిబిట్ ట్రెయిల్‌బ్లేజర్ ఒకటి ఉన్నాయి. రెండూ ఆ కాలంలో హైస్పీడ్ మోడెములే, రెండూ 9600 పైమాటే. ఒకదాన్నుంచి ఇంకోదానికి ఫోన్ కొడితే ఎత్తుతుంది, కాసేపు అరుస్తుంది, చివరికి కనెక్ట్ 2400 అంటుంది. ఒక్కోసారి అదీ లేదు, నో క్యారియర్ (అవతలి సంకేతం అందలేదు) అని పెట్టేస్తుంది. కలిసినా తెర మీద మధ్యమధ్యలో చెత్త అక్షరాలు పడుతున్నాయి. కేబుళ్లు మార్చా. రెండింటికీ ఫ్యాక్టరీ సెట్టింగులు పెట్టా. రెండూ పాడైపోలేదు, విడివిడిగా ఏటీ (మోడెమ్‌ని పలకరించే ఆదేశం) కొడితే ఓకే అంటున్నాయి.

శనివారం ఇక్కడ పాత కంప్యూటర్ల ప్రదర్శన. నా 386 కంప్యూటర్ మీద బీబీఎస్, అదే ఫోన్ కొట్టి చేరే బులెటిన్ బోర్డు, నడిపి చూపిస్తానని మాటిచ్చా. 2400 బాడ్‌లో ఒక ఫైలు దించుకునేసరికి చూడ్డానికి వచ్చినవాళ్లు వెళ్లిపోతారు. ఏ సెట్టింగ్ మారిస్తే 9600 వస్తుంది?

సీరియల్‌పోర్టు:
ఏ కొరియర్? ఏ ట్రెయిల్‌బ్లేజర్? మోడల్ లేకుండా సెట్టింగ్ ఎలా చెప్పేది. అడుగున స్టిక్కర్ చూసి రాయి. కొరియర్‌లో ఏటీఐ7 (దాని వివరాలు చూపించే ఆదేశం) కొట్టి, ఆప్షన్స్ ఎదురుగా ఏముందో పెట్టు.

లెక్కలమాస్టారు:
మిత్రమా, 2400 బాడ్ అని రాశారు. ఈ పొరపాటు ఇక్కడ ప్రతి చర్చలోనూ కనిపిస్తోంది కాబట్టి వివరంగా చెబుతాను. బాడ్ అంటే లైను మీద సంకేతం సెకనుకి ఎన్నిసార్లు మారుతుందనే లెక్క. బిట్ల లెక్క వేరు. మీకు వచ్చిన కనెక్షన్ వి.22బిస్ అనే ప్రమాణం. అందులో సెకనుకి 600 మార్పులే, ఒక్కో మార్పు 4 బిట్లు మోస్తుంది, అలా 2400 బిట్లు. వి.32లో 2400 మార్పులు, ఒక్కోటి 4 బిట్లు, మొత్తం 9600. ట్రెల్లిస్ కోడింగ్ వాడినప్పుడు ఐదో బిట్ కూడా ఉంటుంది గానీ అది లైను గోలను తట్టుకోవడానికే, మన సమాచారం కోసం కాదు. వి.32బిస్‌లోనూ మార్పులు అవే 2400, బిట్లు 6, అందుకే 14400.

మీ చేతిలో ఉన్న ట్రెయిల్‌బ్లేజర్ ఇంకా చిత్రమైనది. పూర్తి వేగంలో ఉన్నప్పుడు దాని సంకేతం సెకనుకి ఏడుసార్ల పైచిలుకు మాత్రమే మారుతుంది. అయితే ఫోన్ లైనులో పట్టే ఆ కాస్త జాగాలో ఐదువందలకు పైగా సన్నని క్యారియర్లు, అంటే సమాచారం మోసే స్వరాలు, పక్కపక్కనే పెట్టి, అన్నింటి మీదా ఒకేసారి పంపుతుంది. ఏడు బాడ్‌తో 18000 బిట్లు! ఇది తెలిసినవారెవరూ మోడెమ్ వేగాన్ని బాడ్‌లో చెప్పరు.

గోదారిగట్టు:
మాస్టారూ, మీరు చెప్పింది నిజమేనండీ, కాదనట్లేదు. కానీ ఆయనకి శనివారం ప్రదర్శన. పైగా ఆ రోజుల్లో పత్రికల్లో ప్రకటనలే 9600 బాడ్ అని వేసేవారండీ. జనం నోట్లో అదే నానింది. ఇప్పుడు దిద్దితే ఆయన మోడెమ్ కలుస్తుందా?

లెక్కలమాస్టారు:
ప్రకటన రాసినవాడు తప్పు రాస్తే అది ఒప్పైపోదు. కారణం అర్థమైతేనే పరిష్కారం దొరుకుతుంది. రెండు మోడెములూ లైను మీద ఏం చేస్తాయో చూడకుండా డబ్బా మీది అంకెలు పోల్చుకోవడం వల్లే కదా ఈ ప్రశ్న పుట్టింది.

చికాగోచలి:
కొరియర్ ఆప్షన్స్‌లో హెచ్‌ఎస్‌టీ అని ఉంది, అంతే. రెండోది ట్రెయిల్‌బ్లేజర్ ప్లస్. మామూలుగా అందరి దగ్గరా ఉండేవే కదా అని రాయలేదు.

సీరియల్‌పోర్టు:
అయితే 9600 రాదు.

చికాగోచలి:
రాదంటే? రెండింటి మీదా 9600 కంటే ఎక్కువే అని రాసుందిగా.

పాతలైను:
సీరియల్‌పోర్టు గారు చెప్పింది నిజమే, కాకపోతే ఎందుకో చెబుతాను. 1989 ప్రాంతంలో అమెరికాలో చదువుకునేటప్పుడు మా ల్యాబులో యూయూసీపీ (యూనిక్స్ కంప్యూటర్లు ఫోన్ మీద ఫైళ్లు మార్చుకునే పద్ధతి) మెయిల్, న్యూస్ అన్నీ ట్రెయిల్‌బ్లేజర్ మీదే నడిచేవి. రాత్రంతా దానితోనే గడిపేవాణ్ణి.

9600కి అంతర్జాతీయ ప్రమాణం 1984లోనే వచ్చింది, వి.32. అందులో రెండువైపులా ఒకే ఫ్రీక్వెన్సీల మీద ఒకేసారి మాట్లాడతాయి. అంటే మన గొంతు మనకే ప్రతిధ్వనిగా తిరిగొస్తుంటే దాన్ని తీసేసి అవతలివాడి మాట వినాలి. ఆ ఎకో క్యాన్సిలేషన్ చేసే చిప్పులు అప్పట్లో విపరీతమైన ధర. అందుకని ఎవరికి వాళ్లు అడ్డదారి వెతుక్కున్నారు, ఎవరి దారి వాళ్లదే.

యూఎస్ రోబోటిక్స్ 1986లో హెచ్‌ఎస్‌టీ అనే తన పద్ధతి తెచ్చింది. ఒకవైపు 9600, రెండోవైపు 300 మాత్రమే. సన్నని దారిని వెడల్పు దారితో కలవకుండా పక్కన పెట్టేశారు, ప్రతిధ్వని గొడవే లేదు. ఎటు ఎక్కువ డేటా ఉంటే వెడల్పు దారి అటు తిరుగుతుంది. తర్వాత దాన్నే 14400, 450 చేశారు. టెలిబిట్ అంతకు ముందే, 1985లో, పెప్ అనే తన పద్ధతి పెట్టింది. మాస్టారు చెప్పిన వందల క్యారియర్లు అవే. ఒకసారికి ఒక్కవైపే పంపి, చకచకా దిశ మార్చుకుంటుంది. హేయిస్ కంపెనీ కూడా తన వి-సిరీస్‌లో ఇంకో పింగ్‌పాంగ్ పద్ధతి పెట్టుకుంది. ఈ మూడూ ఒకదాని భాష ఒకదానికి రాని మనుషులు. ముగ్గురికీ కొద్దోగొప్పో వచ్చిన ఉమ్మడి భాష వి.22బిస్, అంటే 2400. మీ రెండూ అక్కడే కలుస్తున్నాయి. ఇందులో ఏదీ పాడైపోలేదు. ఇంకా పైకి తీసుకెళ్లే సెట్టింగ్ కూడా లేదు.

9600 కావాలంటే రెండు చివర్లా వి.32 ఉండాలి. కొరియర్‌లో డ్యూయల్ స్టాండర్డ్ అని ఉన్నదాంట్లో హెచ్‌ఎస్‌టీ, వి.32 రెండూ ఉంటాయి. టెలిబిట్‌లో టీ2500 గానీ, వరల్డ్‌బ్లేజర్ గానీ చూడండి. టీ1600 కొనేటప్పుడు జాగ్రత్త, అందులో వి.32 ఉంది గానీ పెప్ లేదు. మీ దగ్గరున్న ట్రెయిల్‌బ్లేజర్‌తో పూర్తి వేగంలో మాట్లాడలేదు. లేదా ఇదే హెచ్‌ఎస్‌టీ ఇంకొకటి సంపాదించండి, అదీ సులువే.

గోదారిగట్టు:
అసలు ఈ పేచీకి కారణం కంపెనీలేనండీ. ప్రమాణం ఉండగా ఎవడి కుంపటి వాడు పెట్టుకున్నాడు. కొన్నవాడు ఇరుక్కున్నాడు.

పాతలైను:
అలా కొట్టిపారేయకండి గోదారిగట్టు గారూ. ప్రమాణం కాగితం మీద ఉంది, కొనగలిగే ధరలో లేదు. రాక్‌వెల్ కంపెనీ వి.32 చిప్పులు వచ్చి ధరలు దిగేదాకా హెచ్‌ఎస్‌టీ, పెప్ లేకపోతే మనం 2400లోనే ఉండేవాళ్లం. బీబీఎస్ నడిపేవాళ్లకు యూఎస్ రోబోటిక్స్ బాగా తగ్గించి ఇచ్చింది. అందుకే బీబీఎస్‌లను కలిపే ఫిడోనెట్ అంతా హెచ్‌ఎస్‌టీ అయింది. న్యూస్ చర్చలు నడిచే యూజ్‌నెట్ వైపు టెలిబిట్ ఎందుకు గెలిచిందంటే, యూయూసీపీ ప్రతి చిన్న ప్యాకెట్‌కూ అవతలి నుంచి జవాబు కోసం ఆగుతుంది. దిశ మార్చుకునే మోడెమ్‌కి అది ప్రాణాంతకం. టెలిబిట్ వాళ్లు ఆ జవాబులు మోడెమే ఇచ్చేసేలా చేశారు. కంప్యూటర్ ఆగకుండా పంపుతూనే ఉంటుంది. లైను పాడుగా ఉంటే గోల ఉన్న క్యారియర్లు మాత్రమే వదిలేసి, మిగతావాటి మీద నడిచేది. ఖండాలు దాటే ఫోన్ బిల్లు కట్టేవాళ్లకు అది ఎంత ఉపకారమో చెప్పలేను. టైపు చేసేటప్పుడు మాత్రం అక్షరం ఆలస్యంగా పడేది, అది ఒప్పుకుంటా.

ఓరుగల్లు:
అన్నా గిదే లొల్లి మేం గూడ చూసినం. 1995 ఆగస్టు 15 నాడు సర్కారు కంపెనీ వీఎస్ఎన్ఎల్ జనాలకు ఇంటర్నెట్ ఇచ్చింది. మా దగ్గరికి అది వచ్చి మోడెములు కొనే టైంకు 56కె, అంటే సెకనుకు 56000 బిట్ల మోడెముల పంచాయితీ నడుస్తున్నది. ఒకడు ఎక్స్2 రకం కొన్నడు, ఒకడు కె56ఫ్లెక్స్ రకం కొన్నడు. అవతల ఏది ఉంటే గదే కలవాలె, లేకుంటే 33.6 కు పడిపోతది. 1998ల అందరికీ ఒకటే ప్రమాణం వి.90 వచ్చినంకనే సల్లబడ్డది. ఒక దోస్తు రెండు 56కె మోడెములు ఇంట్లనే కలిపి 56 వస్తలేదని బాధపడ్డడు.

సీరియల్‌పోర్టు:
రాదు. 56కెకి ఒక చివర డిజిటల్ లైను ఉండాలి. రెండు అనలాగ్ చివర్లు కలిస్తే 33.6 గరిష్ఠం.

పాతలైను:
అసలు ప్రశ్నలో ఇంకా రెండు మిగిలాయి, నో క్యారియర్, చెత్త అక్షరాలు. చికాగోచలి గారూ, 2400లో కలిసినప్పుడు కొరియర్ ముందు పలక మీద ఏఆర్‌క్యూ దీపం వెలుగుతోందా?

చికాగోచలి:
లేదు. సీడీ (కనెక్షన్ ఉందని చెప్పే దీపం) వెలుగుతోంది, ఏఆర్‌క్యూ అసలు వెలగలేదు.

పాతలైను:
అయితే ఎర్రర్ కంట్రోల్, అంటే తప్పులు పట్టుకునే ఏర్పాటు, లేకుండా కలుస్తున్నాయి. ట్రెయిల్‌బ్లేజర్‌లో ఎస్95 రిజిస్టర్‌కి (సెట్టింగ్ దాచుకునే గది) 2 పెట్టండి. అవతలివాడు ఎంఎన్‌పీ అనే ఎర్రర్ కంట్రోల్ పద్ధతి ఒప్పుకుంటే అది వాడుతుంది, లేకపోతే మామూలుగా కలుస్తుంది. ఎంఎన్‌పీ దొరికితే చెడిన ముక్క మళ్లీ పంపుతుంది, తెర మీద చెత్త పడదు. ఇక నో క్యారియర్ సంగతి. ట్రెయిల్‌బ్లేజర్ ఫోన్ ఎత్తగానే ముందు పెప్ స్వరాలు వినిపిస్తుంది. అవి అర్థంకాక కొరియర్ ఎదురుచూసి పెట్టేస్తుంది. ట్రెయిల్‌బ్లేజర్‌లో ఎస్92కి 1 పెడితే పెప్ స్వరాలు ఆఖరికి వెళ్తాయి. కొరియర్‌లో ఎస్7 (ఎన్ని సెకన్లు ఎదురుచూడాలో) కూడా 60 దాకా పెంచండి. ఎస్50లో 255 ఉంటే మార్చండి, అలా ఉంటే పెప్ తప్ప వేరేది ఒప్పుకోదు.

సీరియల్‌పోర్టు:
లైను ఏది? ఒకే ఇంట్లో రెండు నంబర్లా?

చికాగోచలి:
ఇప్పుడు ల్యాండ్‌లైన్ ఎక్కడుందండీ. ఇంటర్నెట్ ఫోన్ డబ్బాలు రెండు పెట్టా, ఒకటి ఇటు, ఒకటి అటు. మాటలు శుభ్రంగా వినిపిస్తున్నాయి.

సీరియల్‌పోర్టు:
ఇది మొదటే చెప్పాల్సింది.

పాతలైను:
మాటలకు సరిపోయే లైను మోడెమ్‌కు సరిపోదు. ఒక్క ప్యాకెట్ పోయినా, రెండు డబ్బాల గడియారాల మధ్య కొంచెం తేడా ఉన్నా సంకేతం జారుతుంది, ఆ జారినప్పుడే చెత్త అక్షరాలు పడతాయి. ఎలాగూ వాడాలంటే కోడెక్ (ధ్వనిని అంకెలుగా మార్చే పద్ధతి) జి.711 ఒక్కటే ఉంచండి, గొంతుని కుదించే జి.729 ఉంటే తీసేయండి. సైలెన్స్ సప్రెషన్, ఎకో క్యాన్సిలేషన్ ఆపండి. జిట్టర్ బఫర్ (ప్యాకెట్ల రాకలో తేడాలు సర్దే జాగా) స్థిరంగా పెట్టండి.

ప్రదర్శనకైతే ఇదంతా అక్కర్లేదు. రెండు మోడెములనూ నేరుగా ఫోన్ తీగతో కలపండి. రెండు తీగల్లో ఒకటి సూటిగా, రెండోదాని మధ్యలో 9 వోల్టుల బ్యాటరీ, 300 ఓమ్ రెసిస్టర్ వరుసగా. టెలిఫోన్ కంపెనీ లైనుకు మాత్రం ఇది ఎప్పుడూ తగిలించకండి. డయల్ టోన్ ఉండదు కాబట్టి కొరియర్‌లో ఏటీఎక్స్3డీ (టోన్ కోసం ఆగకుండా కలుపు) కొట్టి, వెంటనే ట్రెయిల్‌బ్లేజర్‌లో ఏటీఏ (ఫోన్ ఎత్తు) కొట్టండి.

లెక్కలమాస్టారు:
ఎర్రర్ కరెక్షన్ అనకుండా ఎర్రర్ కంట్రోల్ అన్నారు, సంతోషం. ఎంఎన్‌పీ తప్పును దిద్దదు, పట్టుకుని మళ్లీ పంపమంటుంది.

గోదారిగట్టు:
చికాగోచలి గారూ, నా మాట విని కంప్యూటర్‌కి మోడెమ్ తగిలించే సీరియల్ పోర్టులో 16550 చిప్పు ఉందో లేదో కూడా చూసుకోండి. పాత 16450 అయితే అక్షరాలు రాలిపోతాయండీ.

సీరియల్‌పోర్టు:
2400లో ఏం రాలిపోవు.

గోదారిగట్టు:
రేపు ఇంకో హెచ్‌ఎస్‌టీ కొని 14400కి వెళ్తే అప్పుడు చూద్దురుగాని. పోర్టు వేగం 19200కో 38400కో పెడతారు, అప్పుడు 386 మీద 16450 చాలదు. పదహారు బైట్ల జాగా ఊరికే ఇవ్వలేదండీ ఆ చిప్పులో.

చికాగోచలి:
బ్యాటరీ పెట్టా, ఎస్95, ఎస్92 మార్చా. ఏఆర్‌క్యూ వెలిగింది, చెత్త పోయింది, ప్రతిసారీ కలుస్తోంది. 2400తోనే కానిచ్చేస్తా. ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా హెచ్‌ఎస్‌టీ గానీ వరల్డ్‌బ్లేజర్ గానీ ఉంటే శనివారం ఒక్కరోజుకి ఇవ్వండి. థాంక్స్.

ఓరుగల్లు:
అన్నా నా కాడ పాత కె56ఫ్లెక్స్ కార్డు ఒకటి ఉన్నది, లైనక్స్‌ల పట్టుకుంటలేదు. దానికేమన్న చెప్తరా?