ఫస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ చిత్తూరు జిల్లాలో ఎవరిస్తారు?

మా చెల్లి తిరుపతిలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతోంది. మాది పలమనేరు దగ్గర పల్లె. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది తనే. దాతల డబ్బుతో నడిచే చెన్నై ట్రస్టు ఒకటి ఫీజు కట్టి, ఒక మెంటార్‌ని కూడా ఇస్తుంది. నిజానికి ఫీజు కన్నా ఆ మెంటారే తనకు ముఖ్యం. వాళ్లు 'ఫస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్', అంటే ఇంట్లో డిగ్రీ చదువుతున్న మొదటి మనిషి తనే అని చెప్పే పత్రం అడుగుతున్నారు. తమిళనాడులో అది రెవెన్యూ శాఖే ఇస్తుంది. మా సచివాలయంలో మాత్రం అలాంటి సర్వీసే లేదన్నారు.

ఆదాయ ధ్రువపత్రం, రైస్ కార్డు, నోటరీ అఫిడవిట్ అప్‌లోడ్ చేస్తే 'రెవెన్యూ అధికారి సంతకం లేదు' అని తిప్పి పంపారు. ప్రిన్సిపాల్ లెటర్ కూడా చెల్లదట. గడువు ఈ నెల 30.

మన దగ్గర తహశీల్దార్ నుంచి ఇలాంటి పత్రం తీసుకున్నవాళ్లు అర్జీ ఏ ఫార్మాట్‌లో పెట్టారు?