లెడ్ జెప్పెలిన్ 'కశ్మీర్'లో మన సంగీతం ఉందా, పేరు మాత్రమేనా?

ఆరుతీగలు
ఇంగ్లండు రాక్ బృందం లెడ్ జెప్పెలిన్ 1975లో తెచ్చిన 'ఫిజికల్ గ్రాఫిటీ' ఆల్బంలోని ఈ ఎనిమిదిన్నర నిమిషాల పాట ఎప్పుడు విన్నా ఇది మన సంగీతమేనని అనిపిస్తుంది. గిటారులో 'డి' స్వరం ఆగకుండా మోగుతుంటే, దాని మీద మరో స్వరం మెట్టు మెట్టుగా పైకి పాకుతుంది. గిటారిస్టు జిమ్మీ పేజ్, గాయకుడు రాబర్ట్ ప్లాంట్ 1972లో బొంబాయి వచ్చి మన వాద్యకారులతో రికార్డింగ్ కూడా చేశారు. రాక్‌లో మన సంగీతం ఇంత లోతుగా ఇంకిన పాట మరొకటి ఉంటే చూపించండి.

శ్రుతిపెట్టె
పేరు చూసి మురిసిపోతున్నారండీ. అప్పటికి ఆ నలుగురిలో ఎవరూ కశ్మీర్ ముఖం చూడలేదు. 1973లో మొరాకో దక్షిణాన, ఎడారిలో ఎంతకూ తరగని దారిలో కారు నడుపుతూ పోయిన అనుభవంలోంచి ప్లాంట్ ఆ మాటలు రాశాడు. బొంబాయిలో రికార్డు చేసినవి 'ఫ్రెండ్స్', 'ఫోర్ స్టిక్స్'. రెండూ వాళ్ల పాత పాటలే.

ఇక స్వరాలు. 'డి'ని షడ్జమం అనుకోండి. పైకి పాకే ఆ వరుస పంచమం, శుద్ధ ధైవతం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. నాలుగూ పక్కపక్క మెట్లే. మన రాగాలకు మూలమైన 72 మేళకర్తల్లో ఒక్కదానిలోనైనా పంచమం నుంచి ఇలా వరుసగా నాలుగు మెట్లు వస్తాయేమో వెతకండి. రావు. గమకం, అంటే స్వరాన్ని ఊపి పాడడం, దాని సంగతి అడగనే వద్దు. ప్రతి స్వరాన్నీ ఇటుక పేర్చినట్టు పేర్చారు.

ఆరుతీగలు
రాగమని నేను అనలేదు. ఆ గిటారు తీగల శ్రుతి చూడండి: డి, ఎ, డి, జి, ఎ, డి. మన భాషలో స, ప, స, మ, ప, స. ఇది తంబుర కాక మరేమిటి?

శ్రుతిపెట్టె
తంబురలో పంచమమైనా కడతారు, మధ్యమమైనా కడతారు. రెండూ కలిపి ఎవరు కడతారండీ? ఆ శ్రుతిని గిటారు లోకానికి పరిచయం చేసింది ఇంగ్లండుకు చెందిన డేవీ గ్రాహమ్, 1960లలో. మొరాకోలో ఊద్ అనే అరబ్బుల తీగవాద్యం వాయించేవాళ్ల పక్కన కూర్చుని వాయించడానికి కుదుర్చుకున్నాడని చెబుతారు. ఎటు తిరిగినా మొరాకోకే చేరుతున్నాం.

మృదంగం_తెనాలి
ఇద్దరూ స్వరాల దగ్గరే ఆగిపోయారు. ఒకసారి తాళం వేసి వినండి.

నిన్న రాత్రి భోజనాల బల్ల దగ్గర కూర్చుని కుడిచేత్తో ఎనిమిది లెక్కల ఆదితాళం, ఎడమ చేతి వేళ్లతో గిటారు వరుస వేశాను. డ్రమ్స్ మీద జాన్ బాన్‌హామ్ నాలుగు లెక్క పట్టుకుని కదలడు. గిటారు మూడు లెక్కలో నడుస్తుంది. ఇందాక చెప్పిన నాలుగు మెట్లలో ఒక్కో మెట్టుకు మూడు దెబ్బలు, మొత్తం 12. అంటే డ్రమ్స్ మూడు చుట్లు తిరిగే లోపు గిటారు ఒక చుట్టు పూర్తి చేస్తుంది, అక్కడ ఇద్దరూ కలుస్తారు. ఆదితాళంలో అయితే మూడు ఆవర్తనాలకు, అంటే మూడు తాళం చుట్లకు, గిటారు రెండు చుట్లు. రెండో ఆవర్తనం మొదట్లో నా చెయ్యి సమం మీద, అంటే చుట్టు మొదటి దెబ్బ మీద పడింది, గిటారు మాత్రం మూడో మెట్టు చివరి దెబ్బ మీద ఉంది. నాలుగుసార్లు తప్పాను. "పప్పు చల్లారిపోతోంది" అని ఇంట్లోంచి హెచ్చరిక వచ్చేదాకా వదల్లేదు.

చతురశ్రం, అంటే నాలుగు లెక్క మీద మూళ్లు వేయడం మనకు కొత్తా? ఈ పాటలో మన పోలిక ఉందంటే అది అక్కడే ఉంది.

శ్రుతిపెట్టె
లెక్క బాగుంది. కానీ మనం మూళ్లు వేసేది ఎక్కడికో చేరడానికి. ముగింపు జతి అయిన ముక్తాయింపు కట్టి, మిగిలిన అక్షరాలు సర్ది, సమం మీదో ఎడుపు (పాట ఎత్తుకునే చోటు) మీదో దించుతాం. దిగాక సభ తల ఊపుతుంది. ఇక్కడ దిగడమే లేదు. మూడూ నాలుగూ ఒకదాన్నొకటి పట్టించుకోకుండా పక్కపక్కనే నడుస్తాయి. ఎంత నడిచినా చోటు మారని ఆ ఎడారి దారిలాగే.

మృదంగం_తెనాలి
ఆ మాట ఒప్పుకుంటాను. బాన్‌హామ్ స్థానంలో నేనుంటే రెండో నిమిషానికే ముగింపు దెబ్బలతో ఒక తీర్మానం వేసేసేవాణ్ని, పాట చచ్చేది. చేతిలో అంత బలం ఉండి కూడా ఏమీ చేయకుండా కూర్చోవడం మా గురువుగారు నాకు ఇరవై ఏళ్లుగా చెబుతున్నారు, ఇంకా పట్టుబడలేదు.

ఆరుతీగలు
పేరు విషయంలో ఓడిపోయాను. 1994లో పేజ్, ప్లాంట్ 'నో క్వార్టర్' ఆల్బం కోసం ఇదే పాటను ఈజిప్టు వాద్యకారులతో వాయించారని నాకూ తెలుసు, కావాలనే చెప్పలేదు. తంబుర మాట మాత్రం వెనక్కి తీసుకోను. మీ పెట్టెలో స, ప పెట్టి, దాని మీద ఈ పాట వేసి వినండి శ్రుతిపెట్టె గారూ.

శ్రుతిపెట్టె
విన్నాను. పెట్టె అర శ్రుతి తక్కువలో ఉంది. సరిచేసి మళ్లీ చెబుతాను.