సొంత పాటల సంగ్రహం: పేరు తెలియని రికార్డులు, కూనిరాగంతో వెతుకులాట, "ఇలాంటివే మరికొన్ని"

పాతరికార్డు (ప్రశ్న):

క్యాసెట్ల నుంచీ ఎల్పీ రికార్డుల నుంచీ కంప్యూటరులోకి ఎక్కించుకున్న ఫైళ్లు నా దగ్గర కొన్ని వేలు ఉన్నాయి. వాటిలో చాలావాటికి "సైడ్ బి", "ట్రాక్ 07" వంటి పేర్లే తప్ప పాట పేరు గానీ, పాడినవారి పేరు గానీ లేదు. పైగా ఒకే పాట ఒకచోట స్టూడియో రికార్డుగానూ, మరొకచోట కచేరీలో పాడినదిగానూ, ఇంకొకచోట ఎవరో వేణువు మీద వాయించినదిగానూ ఉంటుంది. చెవితో విని వర్గీకరించడం ఒక జన్మకు తెమిలే పని కాదు కనుక, కంప్యూటరు సాయంతో మూడు పనులు చేయించుకోవాలని అనుకున్నాను: పేరు లేని రికార్డులకు పేర్లు కనుక్కోవడం, పల్లవిని కూనిరాగం తీస్తే ఆ బాణీ ఉన్న ఫైళ్లన్నీ తెర మీదికి రావడం, ఒక పాట వింటున్నప్పుడు అటువంటివే మరికొన్ని చూపించడం.

ఫోనులో పాటను గుర్తుపట్టే యాప్ స్టూడియో రికార్డుల పేర్లను క్షణాల్లో చెప్పేస్తోంది. అదే గాయకుడు అదే పాటను కచేరీలో పాడినది వినిపిస్తే మాత్రం నోరు మెదపడం లేదు. మన చెవికి పల్లవి పూర్తికాకముందే తెలిసిపోయే సంగతి యంత్రానికి ఎందుకు తెలియడం లేదు? మూడో పని కోసం పైథాన్‌లో లిబ్రోసా అనే ధ్వని విశ్లేషణ లైబ్రరీని వాడి, ప్రతి ఫైలుకూ ఎంఎఫ్‌సీసీ సంఖ్యలు (నాదపు తీరును సూచించేవి) లెక్కించి, వాటి సగటులు తీసి, సగటుల మధ్య దూరం తక్కువగా ఉన్న ఫైళ్లను చూపించే చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఏ పాటను అడిగినా అవే నాలుగైదు రికార్డులు పైకి వస్తున్నాయి. వాటిలో ఒకటి ఉస్సుమనే రొద తప్ప మరేమీ సరిగా వినిపించని క్యాసెట్టు. లోపం నా లెక్కలో ఉందా, పద్ధతిలోనే ఉందా అన్నది అనుభవజ్ఞులెవరైనా వివరించగలరని మనవి.

నాదబిందు:

పాతరికార్డు గారూ, మీ మూడు పనులకూ మూడు వేర్వేరు రకాల పోలికలు కావాలి. మొదటిదానికి రెండు ఫైళ్లూ ఒకే రికార్డింగు కావాలి, రెండోదానికి ఒకే బాణీ అయితే చాలు, మూడోదానికి బాణీ వేరైనా ఫరవాలేదు గానీ వినడానికి ఒక తీరుగా ఉండాలి. ఒకదాని కోసం తయారైన పనిముట్టు మరొకదానికి కొరగాదు. నేను మొదటిదాని గురించి మాత్రమే చెబుతాను.

పాటను గుర్తుపట్టే యాప్‌లలో అందరికీ తెలిసినది షాజామ్. అది 2002లో బ్రిటన్‌లో మొదలైనప్పుడు స్మార్ట్‌ఫోన్లు లేవు. 2580 నంబరుకు డయల్ చేసి ఫోనును పాటకు దగ్గరగా పట్టుకుంటే పాట పేరు ఎస్ఎంఎస్‌లో వచ్చేది. దాని పద్ధతిని ఏవరీ వాంగ్ 2003లో ఒక పరిశోధన పత్రంలో వివరించారు. ముందుగా ధ్వనిని, ఏ క్షణంలో ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో చూపే పటమైన స్పెక్ట్రోగ్రామ్‌గా మార్చి, అందులో చుట్టుపక్కల వాటికన్నా బలంగా ఉన్న బిందువులను మాత్రమే ఉంచి తక్కినదంతా పారేస్తారు. తర్వాత ఒక్కో బిందువును దాని వెనుక వచ్చే కొన్ని బిందువులతో జతకట్టి, రెండు పౌనఃపున్యాలనూ వాటి మధ్య ఉన్న కాలవ్యవధినీ కలిపి, వెతకడానికి వీలైన ఒక పొట్టి గుర్తుగా, అంటే హ్యాష్‌గా దాచుకుంటారు. మనం వినిపించిన ముక్కలోని హ్యాష్‌లు ఏదో ఒక రికార్డులో దొరకడం ఒక్కటే చాలదు, దొరికినవన్నీ ఒకే కాలభేదంతో వరసలో నిలబడినప్పుడే ఆ పేరు బయటికి వస్తుంది.

చుట్టూ ఎంత గోల ఉన్నా యాప్ పాటను పట్టుకోగలగడానికి కారణం ఇదే, ఎందుకంటే గోలలో కొన్ని బిందువులు మునిగిపోయినా మిగిలిన జతలు సరిపోతాయి. కచేరీ రికార్డు ముందు చేతులెత్తేయడానికి కూడా కారణం ఇదే. ఎంతటి గాయకుడైనా ఒకే సంగతిని రెండోసారి పాడినప్పుడు అది కొన్ని పదుల మిల్లీసెకన్లు అటో ఇటో పడుతుంది, శ్రుతి రవ్వంత మారుతుంది, పక్కవాద్యం వేరుగా ఉంటుంది. అంతటితో పాత జతల్లో ఏ ఒక్కటీ మిగలదు. ఆ యాప్‌కు పాట అంటే ఏమిటో తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు.

పేర్ల కోసం మీరు మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అనే ఉచిత ప్రోగ్రామును వాడి చూడండి. అది క్రోమాప్రింట్ పద్ధతిలో ఫైలు వేలిముద్ర తీసి అకౌస్ట్‌ఐడీ డేటాబేసులో వెతుకుతుంది. అయితే క్రోమాప్రింట్ మామూలుగా ఫైలు మొదటి 120 సెకన్లనే చూస్తుంది కనుక, క్యాసెట్టు ఒక వైపు మొత్తాన్ని ఒకే ఫైలుగా ఎక్కించి ఉంటే ముందుగా ఒడాసిటీ అనే ధ్వని ఎడిటింగ్ ప్రోగ్రాములో నిశ్శబ్దాలు ఉన్నచోట పాటలుగా విడగొట్టుకోవాలి. క్యాసెట్టు వేగం కూడా చూసుకోవలసిందే. టేపు 3 శాతం ఎక్కువ వేగంతో తిరిగితే పాట మొత్తం సుమారు 51 సెంట్లు (ఒక స్వరస్థానానికి 100 సెంట్లు), అంటే దాదాపు అర స్వరస్థానం పైకి జరుగుతుంది. వినేటప్పుడు మనం పట్టించుకోని ఈ తేడా వల్ల వేలిముద్ర పూర్తిగా మారిపోవచ్చు.

గమకం:

నాదబిందు గారు వివరించినదాన్ని ఆధారం చేసుకుని రెండో పని గురించి రాస్తున్నాను. నేను పాటలు నేర్పే మనిషిని, కంప్యూటరు నాకు తర్వాత అబ్బిన విద్య. కనుక బాణీ వైపు నుంచే చెబుతాను.

బాణీతో వెతకడం కంప్యూటర్లు ఇంటింటికీ రాకముందే ఉన్న ఆలోచన. డెనిస్ పార్సన్స్ 1975లో ప్రచురించిన సూచికలో ప్రతి బాణీకీ, స్వరం కిందటిదానికన్నా పైకి వెళ్లిందా, కిందికి దిగిందా, అక్కడే నిలిచిందా అన్న మూడు గుర్తులే ఉంటాయి. 1995లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇదే సూత్రాన్ని కూనిరాగానికి వర్తింపజేశారు. అపశ్రుతిలో పాడేవారికి కూడా ఫలితం రావడం ఇందులోని సుగుణం. కానీ పాటలు వేలల్లోకి పెరిగేసరికి ఒకే ఎక్కుదిగుళ్లు ఉన్న బాణీలు కుప్పలుగా దొరుకుతాయి. అదీగాక గమకాలతో నడిచే పాటలో ఒక స్వరం ఎక్కడ ముగిసి తర్వాతిది ఎక్కడ మొదలైందో చెప్పడమే కష్టం, అటువంటప్పుడు ఎక్కుదిగుళ్లను దేనితో లెక్కిస్తాము?

అందువల్ల స్వరాలుగా విడగొట్టకుండా, శ్రుతి గీతను ఉన్నదున్నట్టుగా తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. మీ కూనిరాగంలో ఒకే గొంతు ఉంటుంది కనుక దానికి శ్రుతిని కనిపెట్టే, 2002లో వచ్చిన యిన్ వంటి పద్ధతి చాలు. వాద్యాలు కలిసిన రికార్డుకు ప్రధాన బాణీని బయటికి లాగే పద్ధతి కావాలి. సలమాన్, గోమెజ్ 2012లో ప్రచురించిన మెలోడియా పద్ధతి ఎసెన్షియా అనే సంగీత విశ్లేషణ లైబ్రరీలో దొరుకుతుంది. దొరికిన ప్రతి పౌనఃపున్యాన్నీ ఆ రికార్డు ఆధార షడ్జమంతో భాగించి, 2 ఆధారంగా లాగరిథమ్ తీసి, 1200తో గుణిస్తే సెంట్లలో గీత వస్తుంది. ఇలా చేస్తే రెండు కట్టై శ్రుతిలో పాడినా, అయిదులో పాడినా గీత ఒకటే. కూనిరాగానికి మాత్రం షడ్జమం ఏదో ముందుగా తెలియదు. దాని గీతను పైకీ కిందికీ జరిపి చూడాలి, లేదా వెతకబోయే ముందు షడ్జమాన్ని ఒకసారి పలికే అలవాటు చేసుకోవాలి. నేను రెండోదే చేస్తాను.

ఇక వేగం తేడాను రెండు గీతలను కాలంలో సాగదీసి, కుదించి సరిపోల్చే డైనమిక్ టైమ్ వార్పింగ్ సర్దుతుంది. మీరు తీసేది పది సెకన్ల పల్లవి, రికార్డు ఇరవై నిమిషాలది కావచ్చు. కనుక మొత్తాన్ని మొత్తంతో కాకుండా, పల్లవి ఆ రికార్డులో ఎక్కడైనా ఇమిడి ఉందేమో వెతికే రకాన్నే ఎంచుకోండి. లిబ్రోసాలోనే ఆ ఎంపిక ఉంది. మీ కచేరీ రికార్డులు దొరికేది ఇక్కడే, ఎందుకంటే మధ్యలో ఎంత మనోధర్మం ఉన్నా పల్లవి ఎత్తుగడ మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది.

ఒక హెచ్చరిక. గొంతును వాద్యాల నుంచి వేరుచేసే స్ప్లీటర్, డెముక్స్ వంటివి ముందుగా నడిపితే ఫలితం మెరుగవుతుంది గానీ, అవి ఎక్కువగా డ్రమ్స్, బేస్ గిటారు ఉండే పాటలతో శిక్షణ పొందినవి. గొంతును అంటిపెట్టుకుని నడిచే వయొలిన్‌ను అవి గొంతులోనే వదిలేస్తుంటాయి. అప్పుడు గాయకుడు ఊపిరి తీసుకున్నచోట కూడా బాణీ కొనసాగుతున్నట్టు గీత వస్తుంది. సోనిక్ విజువలైజర్ అనే ప్రోగ్రామ్‌లో గీతను పాట మీద పరిచి కొన్ని ఫైళ్లనైనా కంటితో చూసుకోవడం మంచిది. పాశ్చాత్య సంగీతానికి సరిపడే కొలతలు తక్కిన సంప్రదాయాలకు సరిపోవన్న గుర్తింపుతోనే బార్సిలోనాలో జేవియర్ సెర్రా 2011లో కాంప్‌మ్యూజిక్ ప్రాజెక్టును చేపట్టారు. కర్ణాటక, హిందుస్తానీ, తుర్కీ సంగీతాలతో సహా అయిదు సంప్రదాయాల మీద జరిగిన ఆ పని ఫలితంగా షడ్జమాన్ని కనిపెట్టే ప్రోగ్రాములు కూడా అందుబాటులోకి వచ్చాయి.

పాతరికార్డు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. కచేరీ రికార్డు ఎందుకు దొరకడం లేదో ఇప్పుడు స్పష్టమైంది. అయితే ఆ రొద క్యాసెట్టు ప్రతి పాటకూ చుట్టమై ఎందుకు కూర్చుంటోందో మాత్రం ఇంకా అర్థం కాలేదు. సంఖ్యలను ఎక్కువ చేస్తే, అంటే 13 ఎంఎఫ్‌సీసీలకు బదులు 40 తీసుకుంటే సర్దుకుంటుందా?

అంకెలగారడి:

సర్దుకోకపోగా ముదరవచ్చు. మీకు ఎదురైనది ఈ రంగంలో పాత సమస్యే. ఓకూతూరియే, పాషే అనే పరిశోధకులు నాదపు పోలికల మీద 2004లో ప్రచురించిన పత్రంలో ఇటువంటి పాటలను గుర్తించి వాటికి "హబ్" అని పేరు పెట్టారు. కొలతల సంఖ్య పెరిగేకొద్దీ ఫైళ్ల మధ్య దూరాలన్నీ దాదాపు సమానమైపోతాయి; అప్పుడు మొత్తం గుంపు సగటుకు కాస్త దగ్గరగా పడిన ఫైలు ప్రతి ఒక్కరికీ దగ్గరిదిగా కనిపిస్తుంది. మీ క్యాసెట్టులో రొద తప్ప ప్రత్యేకత లేదు, ఆ రొద మీ సంగ్రహంలో సగం టేపుల్లో ఉంది, కనుక అది అందరికీ చుట్టమే.

దీనికి అన్నిటికన్నా సులువైన మందు పరస్పర సామీప్యం. ఒక పాటకు రొద క్యాసెట్టు దగ్గరిదైనంత మాత్రాన చాలదు, రొద క్యాసెట్టు వైపు నుంచి చూసినా ఆ పాట మొదటి కొన్నిటిలో ఉండాలి అనే షరతు పెట్టండి. వందలాది ఫైళ్లకు పొరుగు కాబట్టి దాని సొంత జాబితాలో వాటన్నిటికీ చోటు దొరకదు, అది చాలావరకు తప్పుకుంటుంది. వీటితో పాటు ఎంఎఫ్‌సీసీలలో మొదటి సంఖ్య ప్రధానంగా ధ్వని బిగ్గరతనాన్నే చెబుతుంది కనుక దాన్ని తీసేయండి. క్యాసెట్లనూ ఎల్పీలనూ ఒకే గాటన కట్టకుండా, ఏ మూలం నుంచి వచ్చినవాటి సగటును ఆ మూలం నుంచే తీసివేయండి. లేకపోతే మీ ప్రోగ్రాము సంగీతాన్ని పక్కనపెట్టి టేపు రికార్డర్లను పోలుస్తుంది. అనుభవం ఉన్న పరిశోధకులకు కూడా ఈ ఇబ్బంది తప్పలేదు: ఒకే ఆల్బములోని పాటలు శిక్షణలోనూ పరీక్షలోనూ ఉంటే ప్రోగ్రాము మైక్రోఫోన్లనూ మిక్సింగునూ నేర్చుకుని మంచి మార్కులు తెచ్చుకుంటుంది. 10 వర్గాల్లో 30 సెకన్ల ముక్కలు 1000 ఉన్న జీటీజాన్ అనే ప్రసిద్ధ సేకరణలో ఒకే ముక్క రెండేసిసార్లు ఉన్నదని, కొన్నిటి మీద తప్పు వర్గం రాసి ఉన్నదని బాబ్ స్టర్మ్ చూపించేసరికి, దాని మీద ఏళ్ల తరబడి వచ్చిన మార్కులను అనుమానంగా చూడవలసి వచ్చింది.

సగటు తీయడంలో పోయేది కూడా తక్కువేమీ కాదు. పాటను వెనక నుంచి ముందుకు వినిపించినా ఎంఎఫ్‌సీసీల సగటు దాదాపు అదే వస్తుంది. లయ, తాళం, బాణీ, నడక అన్నీ అందులో ఆవిరైపోతాయి. మిగిలేది గొంతు, వాద్యం, గది కలిసిన నాదం ఒక్కటే. మీకు కావలసింది అదే అయితే సరే. మెల్లగా నడిచే పాట తర్వాత మెల్లని పాటే రావాలంటే లయ వేగాన్ని విడిగా కొలిచి జతచేయాలి. అక్కడ కూడా ప్రోగ్రాములు నిమిషానికి 70 దెబ్బలను 140గా చదవడం మామూలే కనుక, రెట్టింపునూ సగాన్నీ ఒకటిగా లెక్కగట్టండి.

స్ట్రీమింగ్ సంస్థల సిఫారసులు ఎలా కుదురుతున్నాయన్న సందేహం సహజం. వాటి బలం ఎక్కువ భాగం పాట లోపల లేదు. ఈ పాట విన్నవారు ఇంకేమి విన్నారన్న లెక్కలో ఉంది. శ్రోతలు విన్న పాటల చిట్టాలను సేకరించిన ఆడియోస్క్రాబ్లర్ 2002లో మొదలైనప్పటి నుంచి ఆ దారే సాగుతోంది. శ్రోతలు లేని కొత్త పాటకు ఆ లెక్క పనిచేయదు కనుకనే వాన్ డెన్ ఊర్డ్, డీలెమన్ ప్రభృతులు 2013లో, శ్రోతల లెక్క నుంచి వచ్చే సంఖ్యలను స్పెక్ట్రోగ్రామ్ చూసి ఊహించేలా ఒక న్యూరల్ నెట్‌వర్కుకు శిక్షణ ఇచ్చారు. మీ సంగ్రహానికి శ్రోత మీరొక్కరే. అయినా మీ ప్లేయర్ దాచిన చిట్టాలో ఒకే విడతలో మీరు వెంటవెంటనే విన్న పాటల జతలు ఉంటాయి. నా లెక్కన ఎంఎఫ్‌సీసీ దూరాల కన్నా వాటికే విలువ ఎక్కువ.

గమకం:

అంకెలగారడి గారితో ఏకీభవిస్తూనే ఒక మాట. మార్పు చేసిన ప్రతిసారీ పది పాటలు విని "బాగుంది" అనుకుంటే కొలత కుదరదు, ఆ రోజు మన మనసు ఎలా ఉంటే ఫలితం అలాగే తోస్తుంది. ఏ రెండు రికార్డులు పక్కపక్కన రావాలో మీకు ఖాయంగా తెలిసిన జతలను ముందే కాగితం మీద రాసుకుని, ప్రోగ్రామును మార్చినప్పుడల్లా అవి ఎన్నో స్థానంలో వస్తున్నాయో చూసుకోండి. జతలను ఇంకొకరి చేత కూడా రాయించండి. పోలిక విషయంలో ఇద్దరు శ్రోతల తీర్పులే పూర్తిగా కలవవు. వారిద్దరి మధ్య ఉన్నంత పొత్తు కన్నా ఎక్కువ యంత్రం నుంచి ఆశించలేము.

పాతరికార్డు:

ఒక చివరి సందేహం. టేపు వేగాన్ని ముందే సరిచేయాలంటే, అసలు వేగం ఎంతో తెలిసేది ఎలా? పాట శ్రుతిని నమ్ముకుందామంటే గాయకుడు ఏ శ్రుతిలో పాడారో నాకు తెలియదు.

నాదబిందు:

కరెంటు హమ్మును చూడండి. 50 హెర్ట్జ్ సరఫరా ఉన్నచోట చేసిన పాత రికార్డింగుల్లో ఆ హమ్ము సన్నగా టేపులోకి ఎక్కి ఉండవచ్చు. పాటకు ముందున్న నిశ్శబ్దంలో కనీసం పది సెకన్ల ముక్క తీసుకుని స్పెక్ట్రమ్ గీయించండి. అంత పొడవు ఉంటేనే హెర్ట్జ్‌లో పదో వంతు తేడా కనిపిస్తుంది. శిఖరం 51.5 దగ్గర ఉంటే టేపు 3 శాతం వేగంగా తిరిగిందని అర్థం. 50 దగ్గర కచ్చితంగా ఒక శిఖరం, దాని పక్కనే మరొకటి కనిపిస్తే, కచ్చితంగా ఉన్నది మీరు కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు మీ పరికరాల నుంచి చేరినది కావచ్చు. లెక్కకు పక్కదాన్నే తీసుకోండి. అక్కడ ఏమీ తేలకపోతే 100, 150 హెర్ట్జ్‌ల దగ్గర కూడా వెతకండి, చాలా టేపుల్లో హమ్ము అక్కడే స్పష్టంగా ఉంటుంది.