డామిట్‌లో దమ్మిడీ ఉందా?

నల్లకుంట నుంచి:
పొద్దుటి నుంచి ఒకటే వాక్యం నోట్లో ఆడుతోంది, గురజాడ కన్యాశుల్కం నాటకం చివర గిరీశం అనే మాట. "డామిట్! కథ అడ్డం తిరిగింది." మా అమ్మాయి ఇంగ్లీషు పాఠంలో 'డామ్' అనే మాట వచ్చి, అర్థం అడిగింది. శాపమూ తిట్టూ కలిసిన మాటమ్మా అన్నాను. "గిరీశానికి ఇంగ్లీషు రాకపోయి ఉంటే ఆ చోట ఏమనేవాడు నాన్నా?" అంది. జవాబు దొరకలేదు. మా తాతగారు మాత్రం అది మన దమ్మిడీయేనని, తెల్లవాళ్ళు మూటగట్టుకుపోయారని అంటుండేవారు. అందులో నిజమెంత? ఇంతకీ డామిట్‌కు ఈడైన తెలుగు మాట ఏది?

చిక్కడపల్లి నుంచి:
అడ్డం కాదండీ, అడ్డంగా. నా ప్రతి ఎదురుగా పెట్టుకునే రాస్తున్నాను. ఆబిడ్స్‌లో ఆదివారం పూట కాలిబాట మీద కొన్నది. అట్ట లేదు, చివరి పుట మూల చెదలు తిన్నది. కానీ వాక్యం చెక్కుచెదరలేదు. నాకంటే ముందు చదివిన వారెవరో ఆ 'గా' కింద పెన్సిలుతో సన్నగా గీత గీశారు. నాలాంటి వాడే అయి ఉంటాడు.

బర్కత్‌పుర నుంచి:
పుస్తకంలో మీరన్నట్టే ఉంది, కానీ జనం నోట అడ్డం అనే నిలిచింది. దానికి కారణం ఉంది. మనిషి అడ్డం తిరుగుతాడు, అంటే మొండికేస్తాడు. కాడి కింద ఎద్దు అడ్డం తిరుగుతుంది. జనం ఆ కథను ప్రాణమున్న జీవిగా విన్నారు. నిన్నటి దాకా చెప్పినట్టు నడిచిన ఎద్దు ఇవాళ కొమ్ము విసిరింది. 'గా' చేరిస్తే ఆ ఎద్దు పోయి బండి మాత్రం మిగులుతుంది.

చిక్కడపల్లి నుంచి:
మాస్టారూ, మిగలవలసింది ఆ బండే. అడ్డంగా తిరిగిన బండి దారి మూసేస్తుంది. గిరీశం పెళ్ళాడాలనుకున్న వితంతువు బుచ్చమ్మను లాయరు సౌజన్యారావు పంతులు పూనాలోని వితంతువుల శరణాలయానికి పంపిస్తానన్నాక గిరీశానికి ముందుకు తోవ లేదు, వెనక్కీ లేదు. అతనికి ఎవరూ మొండికేయలేదు. తోవ మూతపడిందంతే. ఒక్క అక్షరంతో గురజాడ ఆ తేడా చూపించారని నా నమ్మకం.

మలక్‌పేట నుంచి:
చెవితో విని చూడండి. డామిట్ / కథ అడ్ / డంగా / తిరిగిం / ది. నాలుగేసి మాత్రల అడుగులు నాలుగు నిండుగా పడి, చివర 'ది' ఒంటరిగా నిలబడింది. నాటకం ఆగవలసిన తీరు అదే. 'గా' తీసేస్తే నాలుగో అడుగు మూడు మాత్రలకే కుంటుతుంది.

బర్కత్‌పుర నుంచి:
వచనానికి మాత్రలు లెక్కగడితే దినపత్రికలో కూడా ఛందస్సు దొరుకుతుందండీ. పైగా గురజాడ చెవి మిశ్రగతికి అలవాటు పడిన చెవి. ఆయన వాడిన ముత్యాల సరం ఛందస్సు మూడూ నాలుగూ, మూడూ నాలుగూ మాత్రలంటూ నడుస్తుంది. నాలుగు పాదాలూ ఆ నడక మీదే సాగి, చివరి పాదం తొందరగా ముగుస్తుంది. దేశభక్తి గీతాన్ని పాఠశాలలో అరిచి వల్లించినప్పుడు ఆ నడక నాకు తెలియలేదు. యాభై దాటాక ఒక రాత్రి మెల్లగా చదువుకుంటే, పెద్దాయన పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే అనిపించింది. 1910 నాటికి మాటనూ పద్యాన్నీ అంత దగ్గరికి తెచ్చినవారు మరొకరు నాకు కనబడరు.

మాసాబ్‌ట్యాంక్ నుంచి:
తాతగారి మాటను ఎవరూ పట్టించుకోలేదు, అది న్యాయం కాదు. ఆ ఊహకు పెద్ద వంశమే ఉంది. 1886లో వచ్చిన యూల్, బర్నెల్‌ల హాబ్సన్ జాబ్సన్ నిఘంటువులోనే ఉంది. అక్బరు కాలంలో రూపాయికి 40 దామ్‌లు. దామ్ రాగి నాణెం, దాని బిడ్డ దమ్డీ, మన నోట దమ్మిడీ. లెక్కచేయను అనడానికి ఇంగ్లీషువాళ్ళు 'డామ్ కూడా ఇవ్వను' అంటారు కదా, అది ఈ నాణెమేనని వారి ఊహ. మనమూ చిల్లిగవ్వ చేయదంటాం, దమ్మిడీకి కొరగాడంటాం. అందుకే వినగానే నిజమనిపిస్తుంది. చార్మినార్ దగ్గర గుడ్డ పరిచి పాత నాణేలు అమ్మే అతన్ని "దామ్ ఎంత?" అని అడిగిన ప్రతిసారీ నాకు ఈ సంగతి గుర్తొస్తుంది.

చిక్కడపల్లి నుంచి:
ఊహ అందమైనదే. కానీ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు దాన్ని ఆధారం లేదని తోసిపుచ్చింది. సరే, ఆ పలుకుబడి వరకు దామ్ అనే అనుకుందాం. డామిట్ క్రియ కదా, నాణెంతో క్రియ ఎలా చేస్తారు? అది లాటిన్‌లో నష్టం అనే అర్థమున్న డామ్నుమ్ నుంచి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. దండన విధించడం, నరకానికి పంపడం దాని పాత అర్థాలు. మనం రోజూ వాడే డ్యామేజీ దానికి తోడబుట్టినది.

సుల్తాన్ బజారు నుంచి:
నరకం అన్నారు కాబట్టి చెబుతున్నాను. హతవిధీ అంటే మరీ నాటకం పద్యంలా ఉంటుంది, దీని దుంపతెగ అంటే మరీ పెరటి మాట. నా మటుకు 'తగలడు' సరైనది. తగలడటమంటే కాలిపోవడం. "ఎక్కడ తగలడ్డావు?" అని మా అమ్మమ్మ అన్నప్పుడు ఆమెకు నిప్పు గుర్తుండేది కాదు, నాకు భయమూ వేసేది కాదు. ఆ మాట మంట ఎప్పుడో ఆరిపోయింది. ఇంగ్లీషు మాటలోనూ నరకాగ్ని అలాగే చల్లారింది. రెండూ ఒకే తోవన నడిచిన మాటలు.

మలక్‌పేట నుంచి:
బాగుందమ్మా. కానీ "తగలడ! కథ అడ్డంగా" అంటే మొదటి అడుగులో గురువులు పోయి నాలుగూ లఘువులే అయ్యాయి. డామిట్ రెండు గురువులతో తలుపు మీద రెండు దెబ్బలు వేసినట్టుంటుంది.

మాసాబ్‌ట్యాంక్ నుంచి:
మరి డా సంగతి? బ్యాంకు, క్యాంపు, డ్యాం అని రాస్తాం. ఆనకట్ట మాటా తిట్టు మాటా ఇంగ్లీషువాడి నోట ఒకేలా పలుకుతాయి. మనం మాత్రం నాగార్జునసాగర్ దగ్గర డ్యాం అని, గిరీశం దగ్గర డామిట్ అని విడదీశాం. ఆ దీర్ఘం గురజాడ చలవే.

చిక్కడపల్లి నుంచి:
ఆదివారం శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి నా ప్రతి తెస్తాను. అక్కడి పాత ముద్రణలతో పోల్చి చూద్దాం.

నల్లకుంట నుంచి:
తప్పకుండా వస్తాను. అమ్మాయి బడి నుంచి వచ్చింది. తగలడు మాటను అర్థం మీద ఎవరూ కాదనలేదు కదా, ఇప్పటికి అదే చెప్పనా?

బర్కత్‌పుర నుంచి:
చెప్పండి. కానీ వాక్యం చదివి వినిపించేటప్పుడు మాత్రం అడ్డం అనే చదవండి.