న్యూటన్ పుట్టినరోజు డిసెంబరు 25 అనాలా, జనవరి 4 అనాలా?

ప్రారంభ వ్యాఖ్య:
"ఈ రోజున జన్మించిన శాస్త్రవేత్తలు" అనే పట్టికల్లో ఐజాక్ న్యూటన్ పేరు కొన్నిచోట్ల డిసెంబరు 25 కింద, మరికొన్నిచోట్ల జనవరి 4 కింద కనిపిస్తుంది. ఆయన ఊల్స్‌తోర్ప్‌లో పుట్టిన నాటికి ఇంగ్లండు పాతదైన జూలియన్ కేలండరునే పాటిస్తోంది కనుక అక్కడ అది 1642 డిసెంబరు 25. ఇటలీ 1582 నుంచి పాటిస్తున్న, నేడు మనమూ వాడే గ్రెగోరియన్ కేలండరులో మాత్రం అదే రోజు 1643 జనవరి 4. పట్టికలోని వారందరినీ ఒకే కొలతతో చూడాలి కాబట్టి జనవరి 4 అనే రాయాలని నా వాదన.

జవాబు 1:
నేను అంగీకరించలేను. న్యూటన్‌కూ ఆయన తల్లికీ ఆ ఊరివారికీ అది క్రిస్మస్ రోజు. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బే చర్చిలో ఉన్న ఆయన స్మారకంపై చెక్కినదీ ఆ తేదీనే. ఇంగ్లండు కొత్త కేలండరుకు మారి, సెప్టెంబరు 2 మర్నాడు సెప్టెంబరు 14గా లెక్కించినది 1752లో, అంటే ఆయన పోయిన పాతికేళ్లకు. తాను ఎన్నడూ ఎరుగని పుట్టినరోజును ఆయనకు అంటగట్టే హక్కు మనకు లేదు. పైగా, గెలీలియో మరణించిన సంవత్సరంలోనే న్యూటన్ పుట్టాడని తరతరాలుగా చెప్పుకుంటున్న మాట కూడా జనవరి 4తో చెదిరిపోతుంది.

ప్రారంభకుడి సమాధానం:
ఆ స్మారకంపైనే ఆయన మరణ తేదీ 1726 మార్చి 20 అని ఉంది. ఆనాటి ఇంగ్లండులో సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కాబట్టి వారి లెక్కలో అది సరైనదే, కానీ నేటి లెక్కలో అది 1727 మార్చి 31. పుట్టుకకు రాతిని ప్రమాణంగా తీసుకుంటే మరణానికీ తీసుకోవాలి. అప్పుడు చదువరి ఆయన ఏడాది ముందే పోయాడనుకుంటాడు.

గెలీలియో మాట మరింత శ్రద్ధగా చూడవలసినది. ఆయన ఫ్లోరెన్సు దగ్గరి ఆర్చెత్రిలో 1642 జనవరి 8న కన్నుమూశాడన్నది గ్రెగోరియన్ తేదీ. ఒకరి మరణాన్ని ఒక కేలండరు నుంచి, మరొకరి పుట్టుకను వేరొక కేలండరు నుంచి తీసుకోవడం వల్లే రెండూ ఒకే ఏట జరిగినట్లు తోస్తోంది. రెండింటినీ జూలియన్‌లో చూస్తే 1641 డిసెంబరు 29, 1642 డిసెంబరు 25. గ్రెగోరియన్‌లో చూస్తే 1642 జనవరి 8, 1643 జనవరి 4. నిజమైన ఎడం ఏడాదికి నాలుగు రోజులు తక్కువ, నా దృష్టిలో అదే ఎంతో అందమైన విషయం. స్టీఫెన్ హాకింగ్ 1942 జనవరి 8న, గెలీలియో మరణానికి సరిగ్గా 300 ఏళ్లకు పుట్టాడన్న మాట నిలబడడానికి కారణం, రెండు తేదీలూ ఒకే కేలండరువి కావడమే.

జవాబు 2:
న్యూటన్‌ను డిసెంబరులో ఉంచే పట్టికలు రష్యన్ రసాయన శాస్త్రవేత్త మెండెలీవ్‌ను సాధారణంగా ఫిబ్రవరి 8 కింద చూపుతాయి. కానీ 1834లో ఆయన పుట్టినప్పుడు ఆయన ఊరు తొబోల్స్క్‌లో అది జనవరి 27. ఒకే పట్టికలో రెండు నియమాలు ఎలా కుదురుతాయి?

జవాబు 1 రాసినవారు:
నా నియమం ప్రకారం మెండెలీవ్‌నూ జనవరి 27 కిందే ఉంచుతాను. ఆయన 1907లో మరణించాడు, రష్యా కేలండరు మార్చుకున్నది 1918లో.

ప్రారంభకుడి సమాధానం:
అయితే రష్యన్లే తమ వారి విషయంలో ఆ నియమాన్ని పాటించలేదు. రష్యన్ శాస్త్రవేత్త పొపోవ్ తన రేడియో గ్రాహకాన్ని ప్రదర్శించినది పాత లెక్కలో 1895 ఏప్రిల్ 25న. అక్కడ రేడియో దినోత్సవం జరుపుకునేది కొత్త లెక్కలో అదే రోజైన మే 7న.