అప్‌డేట్: స్కూల్ బెల్ మోగితే బల్ల కిందికి దూరే మా బాబు

రెండో తరగతి చదివే మా బాబుకు ఆటిజం ఉందని, చెన్నైలో స్కూల్ బెల్ మోగితే చెవులు మూసుకుని బల్ల కిందికి దూరుతున్నాడని ఇక్కడే అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ఇప్పుడు చాలా వరకు కుదుటపడ్డాడు.

ముందు వినికిడి పరీక్ష చేయించమన్నారు కదా, చెన్నై దగ్గర ముట్టుకాడులోని ఎన్ఐఈపీఎండీలో (ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) చేయించాం. లోపమేమీ లేదు. ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనుల్లో ఇబ్బందులు తగ్గేలా సాయం చేసే నిపుణులు) ఒక పూట స్కూల్లో కూర్చుని చూశాక అసలు సంగతి తెలిసింది. వాడిని ఎక్కువ కుదిపేస్తున్నది భోజనాల హాలు! స్టీలు డబ్బాల మూతలు కింద పడటం, బెంచీలు ఈడ్చడం, వందమంది అరుపులు. అక్కడ నలిగి వచ్చాక బెల్ మోగితే ఇక తట్టుకోలేకపోతున్నాడు. పొద్దున బెల్‌కు ఉలిక్కిపడినా కాసేపటికి తేరుకుంటున్నాడట.

ఇప్పుడు ఒక స్నేహితుడితో కలిసి లైబ్రరీ పక్క గదిలో తింటున్నాడు. బెల్‌కు కాస్త ముందు టీచర్ బల్ల మీద ఎర్ర కార్డు పెడతారు. అది చూసి వాడే ఇయర్‌మఫ్స్ (శబ్దం తగ్గేలా చెవులను కప్పేవి) పెట్టుకుంటాడు, మోగడం ఆగాక తీసేస్తాడు. ఇక్కడ ఒక అక్క చెప్పిన ఈ కార్డు చిట్కాయే అన్నిటికంటే బాగా పనిచేసింది. రోజంతా మాత్రం చెవులు కప్పి ఉంచొద్దని, అలా అలవాటైతే మామూలు శబ్దాలు కూడా భరించలేకపోవచ్చని థెరపిస్ట్ గట్టిగా చెప్పారు.

స్కూలువాళ్లు మొదట కుదరదన్నారు. దివ్యాంగుల హక్కుల చట్టం-2016, 16వ సెక్షన్ ప్రకారం పిల్లల అవసరానికి తగ్గ సర్దుబాట్లు చేయాలని ఉత్తరం రాసి, థెరపిస్ట్ రిపోర్టు జతచేశాక ఒప్పుకున్నారు. చెవిలో దూది, తిండి మార్పులు మాకు పనికిరాలేదు. స్కూలు మార్చాల్సిన అవసరమూ రాలేదు.