ఫౌరా బే కాలేజీ గురించి తెలిసినవాళ్లు చెప్పగలరా?

అందరికీ వందనాలు. సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్‌లో 1827లో మిషనరీలు పెట్టిన ఫౌరా బే కాలేజీ గురించి మా సంఘం యువతకి చెప్పాలనుకుంటున్నాను. 1822లో బానిసల ఓడ నుంచి బయటపడ్డ శామ్యూల్ క్రౌథర్ అక్కడి తొలి విద్యార్థుల్లో ఒకరు. 1864లో నైజర్ నది ప్రాంతానికి బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి ఆఫ్రికన్ బిషప్ ఆయనే. ఆ సంఘంలోనే తొలి భారతీయ బిషప్‌గా అజరయ్యగారు మన దోర్నకల్‌కి వచ్చింది 1912లో, అంటే దాదాపు యాభై ఏళ్ల తర్వాత!

అక్కడ చదివిన ఉపదేశకులు నైజర్ నది ఒడ్డు ఊళ్లలో సంఘాలు ఎలా కట్టారు? జీతాలు ఎవరిచ్చేవారు? ఊరి భాష రానివాళ్లు ఎలా నెట్టుకొచ్చారు? 1891లో క్రౌథర్ కన్నుమూశాక ఆ స్థానంలో తెల్ల బిషప్‌ని పెట్టారు. చదివితే చాలా బాధేసింది. మరి ఆ ఉపదేశకులు ఏమయ్యారు?

మంచి పుస్తకాలుంటే చెప్పండి. ఫ్రీటౌన్‌లో తెలుగువాళ్లుంటే, క్లైన్ టౌన్‌లో కాలిపోయిన పాత కాలేజీ భవనాన్ని లోపలికెళ్లి చూడనిస్తారా?